చెట్టు పైన ఒకరు, కింద మనం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో జీవనోపాధుల అంశం మీద ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ సభలో పొదుపుల గురించి, అప్పుల గురించి, కంతుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి చెట్ల పని గురించి, దాన్లో జాగ్రత్తల గురించి చెప్పమని నన్ను అడిగారు. చెట్టెక్కడం, కొమ్మలు కొయ్యడం, పడిపోయిన మానుల్ని ముక్కలు చెయ్యడం మగవాళ్ల పని కదా, మహిళా సంఘంలో ఈ గోల ఏటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. వినండి. విన్నాక ఇది మన పనో కాదో మీరే చెప్పండి.

నాది ఉద్దానం పల్లె. మా ఇంటాయన మిషను రంపం పట్టుకుంటారు. చైన్‌సా అంటారే, అదే. నేను మిషను మీద కొబ్బరిచెట్టు ఎక్కి గెలలు దింపుతాను, జీడి కొమ్మలు కత్తిరిస్తాను. మా మరిది కింద నిలబడి తాడు చూసుకుంటాడు. ముగ్గురం కలిసి పనికి వెళ్తాం. ఈ మాటలు పుస్తకం చదివి చెప్తున్నవి మాత్రమే కావు, కొన్ని చేతుల మీద గీరుకుపోయినవి కూడా.

ఉద్దానం అంటే ఉద్యానవనమే అని పెద్దలు చెప్తారు. మందస, వజ్రపుకొత్తూరు, పలాస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం, ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస, మామిడి. ఇక్కడున్న వాళ్లలో సగం మంది జీడిపిక్కలు ఏరిన చేతులే, పలాస ఫ్యాక్టరీల్లో పప్పు వలిచిన చేతులే. మన బతుకంతా చెట్టు మీదే ఉంది. అయితే ఆ చెట్టు మీదికి ఎక్కే మనిషి గురించి మనం ఎప్పుడైనా తీర్మానం రాసుకున్నామా?

మూడు తారీకులు గుర్తు చేస్తాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. మూడూ అక్టోబరే. ఫైలిన్ ఒడిశాలో గోపాలపురం దగ్గర తీరం దాటింది, హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర దాటింది. తిత్లీ మాత్రం నేరుగా మన పలాస దగ్గరే దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, ఉండుండి 165 దాకా. తెల్లారి తలుపు తీస్తే వీధి కనబడలేదు, చెట్లే కనబడ్డాయి. ఇంటి ముందు తాత నాటిన కొబ్బరి, వెనక జీడి, దారికడ్డంగా పనస. కరెంటు స్తంభాలు చెట్ల కింద, చెట్లు ఇళ్ల మీద. గాలికి చెట్లు మీదపడి ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు.

ఆ రోజుల్లో మన దగ్గర అన్నిటికంటే కరువైంది ఏది? నీళ్లు, కొవ్వొత్తులు, దాని తరవాత మిషను రంపాలు. బయట జిల్లాల నుంచి రంపాలు వచ్చాయి, వాటిని పట్టుకునే మనుషులు వచ్చారు. వాళ్లు రోడ్లు తెరిచారు, మేలు చేశారు. కానీ పెరట్లో పడ్డ చెట్టుకి, ఇంటి కప్పు మీద ఒరిగిన చెట్టుకి ఎవరొస్తారు? మన మగపిల్లలే ఎక్కడెక్కడివో మిషన్లు పట్టుకొచ్చి, లుంగీ ఎగ్గట్టుకుని, హవాయి చెప్పులతో కోసీసేరు. ఎంతమందికి కాళ్లు తెగాయో, ఎంతమందికి వేళ్లు పోయాయో ఎవరూ లెక్క రాయలేదు. నష్టపరిహారం లెక్కల్లో పడిపోయిన చెట్లకి అంకె ఉంది. చెట్టు కోస్తూ పడిపోయిన మనిషికి అంకె లేదు.

ఇది మన పని ఎలాగవుతుందో ఇప్పుడు చెప్తాను.

మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, ఇరవై ఏళ్లు కొబ్బరి దింపారు. కాళ్లకి బందం వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని, చూస్తుండగానే పైకి పోయేవారు. ఒక ఉదయం చినుకు పడి ఆగింది. మాను తడిగా ఉంది. 'మధ్యాహ్నం ఎక్కుతాను' అన్నారు. తోట ఆయనకి లారీ వచ్చేసింది, తొందర. ఎక్కేరు. సగం చెట్టు మీద నుంచి జారేరు. నడుం పూస దెబ్బ తింది. మనిషి బతికారు గానీ మళ్లీ చెట్టు ముఖం చూడలేదు. తోట ఆయన ఆసుపత్రికి ఒకసారి వచ్చి కొంత డబ్బు చేతిలో పెట్టి వెళ్లారు. కాగితం లేదు, ఒప్పందం లేదు, బీమా లేదు. ఇంకేం అడగడానికి మాకు ఆధారం లేదు.

మా తోడికోడలు అప్పటికి సంఘంలో అప్పు తీసుకుని ఉంది. మూడో నెలకి కంతు ఆగింది. ఆ సంఘంలో మిగతా వాళ్లు ఏం చేశారో తెలుసా? కొన్ని నెలలు తలా కొంచెం వేసుకుని ఆవిడ కంతు కట్టేరు. వాళ్లకి చేతులెత్తి మొక్కాలి. కానీ అక్కలారా, చూడండి. చెట్టు మీద నుంచి పడింది ఒక్క మనిషి. ఆ బరువు మోసింది సంఘంలో ఉన్న ఆడవాళ్లంతా. మరి ఆ మనిషికి తాడు ఉందా లేదా అని ముందే అడిగే హక్కు మనకి లేదా?

ఇంకొకటి. చెట్టు కింద ఎవరు ఉంటారు? కాయలు ఏరేది మనం. కమ్మలు లాగేది మనం. కొమ్మలు మోపు కట్టేది మనం. 50 అడుగుల ఎత్తు నుంచి పడిన కొబ్బరికాయ నేలకి వచ్చేసరికి గంటకి 60 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. బస్సు వేగం అది. ఆ కాయకి అడ్డంగా చీర కొంగు నెత్తిన వేసుకుని నిలబడతాం. పైన ఉన్న మనిషి ప్రమాదం అందరికీ కనిపిస్తుంది, కింద ఉన్న మనది ఎవరికీ కనిపించదు.

అందుకని ఇవాళ నేను ఒక్కటే అడగడానికి వచ్చాను. చెట్టు పని మనం మానలేం. దాన్ని తాడు లేకుండా, తోడు లేకుండా, బీమా లేకుండా చెయ్యడం మాత్రం మాన్పించగలం. ఆ బలం సంఘానికి ఉంది. ఎలాగో ఒక్కొక్కటీ చెప్తాను.

మొదటిది కొబ్బరి ఎక్కడం. పాత పద్ధతిలో కొందరు మానుకి కత్తితో గాట్లు పెట్టుకుని మెట్లలా ఎక్కుతారు. అది మనిషికీ మంచిది కాదు, చెట్టుకీ మంచిది కాదు. ఆ గాయాల వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది, లోపల గుడ్లు పెడుతుంది. చెట్టు పైకి పచ్చగానే కనిపిస్తుంది, లోపల గుల్లయిపోతుంది. ఒక రోజు మొవ్వ వంగిపోతుంది. కొబ్బరికి ఉన్నది ఒక్కటే మొవ్వ. అది పోతే చెట్టు పోయినట్టే, పక్క నుంచి ఇంకో కొమ్మ రాదు.

ఎక్కే మిషను కేరళ నుంచి వచ్చింది. కన్నూరు జిల్లా చెంబేరి అనే ఊరి ఆయన జోసెఫ్ తయారుచేసిన రకాన్ని ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. రెండు ఇనుప చట్రాలు, ఒక్కో కాలికి ఒకటి, మానుని చుట్టే ఇనుప తీగ తాడు. ఒక కాలు ఎత్తుతూ ఒక కాలు దింపుతూ మెట్లెక్కినట్టు ఎక్కుతాం. కూర్చుని ఎక్కే రకాలూ ఉన్నాయి. కొబ్బరి అభివృద్ధి మండలి వారు 2011లో 'ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ' అని ఆరు రోజుల శిక్షణ మొదలుపెట్టారు. ఎక్కడంతో పాటు పురుగుల్ని గుర్తుపట్టడం, మొవ్వ శుభ్రం చెయ్యడం నేర్పుతారు. ఆ శిక్షణలకి ఆడవాళ్లూ వెళ్లారు, నేర్చుకుని సంపాదించుకుంటున్నారు.

నేను మొదట ఎక్కినప్పుడు మా వీధిలో ఒక పెద్దావిడ 'ఆడది ఎక్కితే చెట్టు కాపు మానేస్తాది తల్లీ' అన్నారు. నేను ఏమీ అనలేదు. తరవాత దింపుకి ఆవిడే కబురు పెట్టారు. 'నీకంటే నిదానంగా ఎవులూ దింపరు, లేత కాయ తెంపవు' అన్నారు. చెట్టుకి మనం ఆడో మగో తెలియదు. గాయం చేశామా లేదా అన్నదే దానికి తెలుసు.

మిషను ఉంది కదా అని ధైర్యం చెయ్యకూడదు. ఎక్కే ముందు తీగ తాడు చేత్తో తడిమి చూడాలి. ఒక్క పోగు తెగి లేచినా ఆ రోజు ఎక్కకూడదు. బోల్టులు, రబ్బరు ముక్కలు చూడాలి. మాను తడిగా ఉంటే వద్దు. బాగా వంగిన చెట్టు వద్దు. పిడుగు పడి మొవ్వ పోయిన చెట్టు, గుల్లయిన చెట్టు అసలు వద్దు. మానుని కత్తి వెనకతో కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే దిగిపొండి. కందిరీగల పట్టు ఉందేమో కింద నుంచే చూడండి.

మిషను వేరు, బెల్టు వేరు. రెండూ ఉండాలి. నడుముకి మాత్రమే కట్టే బెల్టు చాలదు. జారినప్పుడు అది మనిషిని తలకిందులు చేస్తుంది, నడుము విరుస్తుంది. భుజాలు, తొడలు పట్టుకునే ఫుల్ బెల్టు కావాలి. మేడల పనివాళ్లు వేసుకునేది చూశారుగా, అలాంటిది. దాని తాడు మానుని చుట్టి బెల్టుకి రెండు పక్కలా తగిలించుకోవాలి. మనం పైకి జరిగినప్పుడల్లా తాడునీ పైకి జరపాలి. తెలంగాణలో 2024 జూలైలో కల్లుగీత అన్నదమ్ములకి 'కాటమయ్య రక్ష' పేరుతో ప్రభుత్వం రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తరతరాలుగా మోకు మీద ఎక్కినవాళ్లకే కిట్టు అవసరమైందంటే, మనకి అక్కర్లేదా?

మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. 'మా ఆయన కళ్లు మూసుకుని ఎక్కీగలడు' అని పదిమందిలో చెప్తాం. అలాగ చెప్పి మగవాళ్లని మునగచెట్టు ఎక్కించకండి. మునగకొమ్మ ఎలాంటిదో మనకి తెలుసు కదా.

రెండోది కరెంటు. చెట్టు పనిలో పడి చనిపోయేవాళ్లే కాదు, కరెంటుకి చనిపోయేవాళ్లూ ఉన్నారు. పొడుగాటి ఇనుప గొట్టానికి, అల్యూమినియం గొట్టానికి కత్తి కట్టి కింద నుంచే కాయలు కోస్తాం. పైన కొమ్మల చాటున తీగ ఉంటుంది, కనపడదు. గొట్టం తగిలితే ఇంకంతే. పచ్చి వెదురు గెడ, తడిసిన గెడ కూడా నమ్మకూడదు. తీగకి కనీసం 10 అడుగుల దూరంలోపు కొమ్మ ఉంటే దాన్ని మనం ముట్టుకోకూడదు. 1912కి ఫోన్ చెయ్యాలి, లైన్‌మన్‌కి చెప్పాలి, ఆయన లైను ఆపి 'ఆపేశాను' అని స్వయంగా చెప్పాకే పని మొదలుపెట్టాలి. 'కరెంటు ఎలాగా పోయింది' అని పని మొదలెట్టకండి. పోయిన కరెంటు ఎప్పుడు వస్తుందో తెలీదు, ఎవరింట్లోనో జనరేటర్ పెడితే తీగలోకి ఎదురు కూడా రావచ్చు.

మూడోది మిషను రంపం. దీని గురించి మా ఆయన చెప్పమన్న మాటలు చెప్తున్నాను.

రంపం గొలుసు సెకనుకి 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. మనం 'అమ్మా' అనేలోపు తొడలోంచి పోతుంది. అందుకని బట్టలతోనే రక్షణ మొదలవుతుంది. తలకి హెల్మెట్, కళ్లకి జాలీ లేకపోతే అద్దాలు, చెవులకి మూతలు, చేతులకి తొడుగులు, కాళ్లకి గట్టి బూట్లు. కాళ్ల ముందు వైపు వేసుకునే రంపం ప్యాంటు ఒకటి దొరుకుతుంది. గొలుసు తగిలితే దాన్లో పోగులు బయటికొచ్చి గొలుసుకి చుట్టుకుని ఆపేస్తాయి. ఖరీదే, కానీ కాలు కంటే కాదు. లుంగీ, వదులు చీర, మెడలో తువ్వాలు, వేలాడే చున్నీ రంపం దగ్గర ఉండకూడదు. మనం కమ్మలు లాగడానికి వెళ్లినప్పుడు కూడా ఇదే మాట.

రంపం బ్లేడు ముక్కు పై భాగం దేనికైనా తగిలితే రంపం ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది. దీన్ని ఎదురుదెబ్బ అనుకోండి. ముక్కుతో కొయ్యకూడదు, భుజం కంటే ఎత్తులో కొయ్యకూడదు, ఒంటి చేత్తో కొయ్యకూడదు, నిచ్చెన మీద నిలబడి కొయ్యకూడదు. ముందు చేతి దగ్గర ఉండే బ్రేకు పనిచేస్తోందో లేదో ప్రతి ఉదయం చూడాలి. పెట్రోలు పోసేటప్పుడు మిషను చల్లారాలి, బీడీ ఉండకూడదు, పోసిన చోటి నుంచి పది అడుగులు పక్కకి జరిగి స్టార్ట్ చెయ్యాలి. ఎక్కువ మిషన్లకి లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతారు. మీ మిషను పుస్తకంలో ఏముందో అదే వెయ్యండి.

నిలబడ్డ చెట్టు కొట్టేటప్పుడు చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు. కోసేవాళ్లు ముందే తప్పుకునే దారి చూసుకోవాలి. ఆ దారి చెట్టు పడే వైపుకి సరిగ్గా ఎదురుగా కాదు, వెనక్కి ఏటవాలుగా ఉండాలి. ఇంకో మాట. చెట్టు మొత్తం నరికేయాలంటే మన రాష్ట్రంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. ముందు సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

తుపానుకి పడిన చెట్టు నిలబడ్డ చెట్టు కంటే ప్రమాదం. అది విల్లులా వంగి ఉంటుంది. ఏ వైపు నొక్కుకుని ఉందో, ఏ వైపు లాగుకుని ఉందో తెలియకుండా కోస్తే కొమ్మ ఎగిరి తంతుంది. ముందు నొక్కుకుని ఉన్న వైపు కొంచెం కోసి, తరవాత లాగుకుని ఉన్న వైపు మెల్లగా కొయ్యాలి. వేళ్లతో సహా లేచిపోయిన చెట్టు ఉంటుంది చూడండి, దాని గోతిలోకి పిల్లలు దిగి ఆడుకుంటారు. మాను తెగగానే ఆ వేళ్ల దిమ్మ లేచి మళ్లీ గోతిలోకి కూర్చుంటుంది. పిల్లలు, మేకలు గోతిలో ఉన్నాయేమో చూడకుండా రంపం పెట్టకూడదు. ఆ చూసే పని మనదే. చెట్టు కోసేవాళ్లకి మిషను మోతలో ఏమీ వినపడదు. అందుకని ముందే సైగలు అనుకోవాలి. చెయ్యి పైకెత్తితే ఆపాలి. అరిచినా లాభం లేదు.

నాలుగోది చెట్టు వైద్యం. కొయ్యడం అంటే నరకడం కాదు. జీడిపిక్కలు ఏరడం అయిపోయాక, వానల మొదట్లో, ఎండు కొమ్మలు, నేలకి వంగినవి, ఒకదాని మీద ఒకటి పడి ఎండ తగలనివ్వనివి తీసేస్తే చెట్టు మళ్లీ చిగురిస్తుంది, తరవాత పూత బాగుంటుంది. కొమ్మ బరువుగా ఉంటే మూడు కోతలు. మొదట కింద నుంచి మూడో వంతు. తరవాత కొంచెం ముందుకి జరిగి పై నుంచి. కొమ్మ విరిగి పడిపోయాక మిగిలిన మోడుని మాను దగ్గరకి కొయ్యాలి. ఒకేసారి పై నుంచి కోస్తే కొమ్మ పడిపోతూ మాను తోలు చీల్చుకుపోతుంది. కొమ్మ మొదట్లో మెడలా ఉబ్బి ఉంటుంది, ఆ ఉబ్బు ఉంచాలి. అక్కడి నుంచే గాయం మానుతుంది.

కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. రెండూ వేరువేరు ప్లాస్టిక్ బకెట్లలో కరగబెట్టి, తుత్తం నీళ్లని సున్నం నీళ్లలో పొయ్యాలి. ఇనుప గిన్నె వాడకూడదు. మెరిసే ఇనుప కత్తి ముంచి చూస్తే ఎర్రటి పూత పట్టిందంటే సున్నం చాలలేదని అర్థం. జీడి జిగురు చేతులకి తగిలితే పుళ్లు పడతాయని మీకు నేను చెప్పక్కర్లేదు, తొడుగులు వేసుకోండి.

తుపానుకి సగం ఒరిగిన జీడిచెట్టుని వెంటనే కొట్టీకండి. కొమ్మలు తగ్గించి, మెల్లగా నిలబెట్టి, వేళ్ల మీద మట్టి కప్పి, ఊతకర్ర పెడితే తిరుక్కునే అవకాశం ఉంది. మొవ్వ విరిగిన కొబ్బరికి ఆ అవకాశం లేదు. ఆ మానుని తోటలో వదిలేస్తే కుళ్లి కొమ్ము పురుగుకి ఇల్లవుతుంది, పక్కన బతికున్న చెట్లని తింటుంది. నాటు కొబ్బరి మళ్లీ కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. మిగిలిన ప్రతి చెట్టూ మనకి ఆరేడేళ్ల బతుకన్నమాట.

ఐదోది ఒళ్లు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు ఏది? చెట్టు పని ఎండలో పని. చెమట కారిపోతుంది. పని అయ్యాక తాగుదాం అనుకుంటాం. అలాగ కాదు, గంటకోసారి దిగి మంచినీళ్లు తాగాలి. రాత్రి ఒళ్లు నొప్పులని కిరాణా కొట్లో మాత్ర కొని వేసుకోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఆ నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బ తీస్తాయి. డాక్టరు చెప్పకుండా మీ ఇంటి మగవాళ్లకి మీ చేత్తో ఇవ్వకండి. ముందు రోజు రాత్రి తాగినవాళ్లని తెల్లారి చెట్టెక్కనివ్వకండి. దెబ్బలాడినా ఫర్వాలేదు.

ఎవరైనా పడితే పదిమంది చేతులేసి ఎత్తకండి. నడుం పూస దెబ్బ తిన్న మనిషిని ఎలాగంటే అలాగ ఎత్తితే కాళ్లు శాశ్వతంగా పడిపోవచ్చు. 108కి ఫోన్ చేసి, వచ్చేదాకా కదలనివ్వకండి. రక్తం పోతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి, మాటిమాటికీ తీసి చూడకండి. కర్ర గుచ్చుకుంటే పీకకండి.

ఆరోది కాగితం. ప్రధానమంత్రి సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, రెండు కళ్లో రెండు కాళ్లో పోయేంత పూర్తి వైకల్యానికీ 2 లక్షలు, ఒక కాలో ఒక కన్నో పోతే లక్ష. జూన్ 1 నుంచి కొత్త ఏడాది మొదలవుతుంది, మే నెలాఖరుకి ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా చూసుకోండి. కొబ్బరి దింపేవాళ్లకి కొబ్బరి అభివృద్ధి మండలి ద్వారా 'కేర సురక్ష' అనే బీమా ఉంది, శిక్షణ గురించి అడిగేటప్పుడు దాని సంగతి కూడా అడగండి. ఇరవై రూపాయలు కట్టి ఉంటే మా బావగారి ఇంట్లో కష్టం పోయేది కాదు, కానీ మా తోడికోడలు అన్ని గడపలు ఎక్కవలసి వచ్చేది కాదు.

ఇన్ని చెప్పాను. ఇప్పుడు సమాఖ్య ముందు నా కోరికలు పెడుతున్నాను. తీర్మానం పుస్తకంలో రాసుకోమని మనవి.

ఒకటి. ప్రతి గ్రామ సంఘం ఒక కిట్టు కొనాలి. ఎక్కే మిషను, ఫుల్ బెల్టు, తాళ్లు, రెండు హెల్మెట్లు, ప్రథమ చికిత్స పెట్టె. ఒక్క ఇంటికి భారం, సంఘానికి కాదు. అద్దెకి ఇస్తే సొమ్ము తిరిగొస్తుంది. పెళ్లి వంట గిన్నెలు అద్దెకి తిప్పిన మనకి ఇది కొత్త కాదు.

రెండు. మన సభ్యుల తోటల్లో తాడు, బెల్టు లేకుండా ఎవర్నీ చెట్టెక్కించకూడదు. తోట మనది అయినప్పుడు మనమే యజమానులం. ఎదుటివాళ్లని అడిగేది మన పెరట్లోనే మొదలుపెట్టాలి.

మూడు. చెట్టు పని చేసే ఇల్లు ఉన్న ప్రతి సభ్యురాలి పేరు వీవోఏ రాసుకోవాలి. ఆ ఇంట్లో ఎక్కే మనిషికి బీమా ఉందో లేదో అప్పు ఇచ్చేటప్పుడే చూడాలి. లేకపోతే అప్పు ఆపడానికి కాదు, బీమా కట్టించడానికి.

నాలుగు. ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దర్ని, అందులో ఒక ఆడపిల్లని తప్పకుండా, కొబ్బరి ఎక్కే శిక్షణకి, జీడి కత్తిరింపు శిక్షణకి పంపాలి. ఉద్యాన శాఖ వారితో సమాఖ్య మాట్లాడాలి.

ఐదు. సెప్టెంబరు నెలాఖరులోగా ఇళ్ల మీదికి, బడి మీదికి, అంగన్‌వాడీ మీదికి ఒరిగిన కొమ్మలు చూసి తీయించాలి. అక్టోబరు మనకి చెప్పే వస్తుంది. వచ్చాక రంపం వెతుక్కోవడం కంటే రాకముందు కత్తి పట్టుకోవడం మేలు.

అమ్మలారా, మన మందస నేల మీద కట్టెల కోసం ఆడవాళ్లు నిలబడిన చరిత్ర ఉంది. జమీందారు అడవిలో కలప తెచ్చుకునే హక్కు గురించి రైతులు పోరాడితే, 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో వీర గున్నమ్మ ప్రాణం ఇచ్చింది. నిండు గర్భిణి. ఆమె పేరుతో ఊరే ఉంది. ఆ రోజు చెట్టు మీద హక్కు కావాలని అడిగారు. ఇవాళ ఆ చెట్టు ఎక్కే మనిషి సాయంత్రం ఇంటికి నడుచుకుంటూ రావాలని అడుగుదాం. అది పెద్ద కోరికేమీ కాదు.

నా తీర్మానాలు మీకు నచ్చితే చేతులెత్తండి. నచ్చకపోతే లేచి అడగండి, తెలిసినంత చెప్తాను.